వీప్‌లో నది ఇన్‌ఫ్లో ఇవ్వడం: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

నదిలో వచ్చే నీళ్లు, వాడకం, కేటాయింపులు లెక్కగట్టే స్టాక్‌హోమ్ ఎన్విరాన్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల వీప్ (WEAP) సాఫ్ట్‌వేర్‌ను కృష్ణా పరివాహకంలో పనుల కోసం ఏళ్లుగా వాడుతున్నాను. మన దేశంలో ప్రభుత్వ శాఖలకు, విద్యాసంస్థలకు లైసెన్సు ఉచితం. మ్యాప్ మీద నది గీయడం, రిజర్వాయర్ పెట్టడం ఒక పూటలో వచ్చేస్తాయి. ఆ మోడల్‌ను నమ్మొచ్చా లేదా అన్నది మాత్రం నది మొదట్లో ఇచ్చే నీటి ప్రవాహం, అంటే 'హెడ్‌ఫ్లో' దగ్గరే తేలిపోతుంది. అందుకే ఆ ఒక్క భాగం గురించే రాస్తున్నాను.

నెలవారీ అంకెలు చేత్తో కొట్టడం నేర్చుకోడానికి పనికొస్తుంది, అంతే. మొదటి (బేస్) సంవత్సరానికి 12 అంకెలిచ్చి, రాబోయే ఏళ్లను ఊహించే సినారియోలో ఏమీ మార్చకపోతే ప్రతి ఏడూ అవే నీళ్లు పారతాయి. వాటర్ ఇయర్ మెథడ్ కొంత నయం. బాగా ఎండు నుంచి బాగా తడి దాకా 5 రకాల ఏళ్లు, మామూలు ఏడాది 1 అనుకుంటే మిగతావాటికి గుణకాలు. నెలకో గుణకం ఇచ్చే వీలున్నా చాలామంది ఏడాది మొత్తానికి ఒక్కటే ఇస్తారు. అలాంటప్పుడు జులైలో రావాల్సిన నీళ్లు సెప్టెంబరులో వచ్చిన ఏడాది మోడల్‌లో కనపడనే కనపడదు. నారుమడి పోసుకుని ఎదురుచూసే రైతుకు ఆ రెండు నెలలే కదా ముఖ్యం!

నాకు నచ్చింది, అన్ని పనులకీ వాడేది ప్రవాహాల పట్టికను సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన అంకెల ఫైలు) నుంచి చదివించే పద్ధతి. పాత ఏళ్ల ప్రవాహాలను రాబోయే ఏళ్లకు జరిపి వాడుకోవచ్చు. వానలు తగ్గితే ఎలా అని చూడాలంటే ఫైలు చదవమని రాసిన అదే సూత్రం (ఎక్స్‌ప్రెషన్) చివర 0.9తో గుణిస్తే చాలు. ఫైలులో ఎన్ని ఎక్కువ ఏళ్లుంటే అంత మంచిది. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో (అంటే నూటికి 75 ఏళ్లలో కనీసం అన్ని నీళ్లొస్తాయని) 2060 టీఎంసీలని తేల్చింది 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల లెక్కలు చూసి. పదేళ్ల ఫైలుతో అలాంటి మాట చెప్పలేం. మొదటి నెలను జూన్‌గా పెట్టుకోవడం మరిచిపోవద్దు, మన నీటి సంవత్సరం అప్పుడే మొదలవుతుంది.

యూనిట్లు జాగ్రత్త. మన రికార్డులు క్యూసెక్కుల్లో, టీఎంసీల్లో ఉంటాయి, వీప్ మామూలుగా క్యూమెక్కులు (సెకనుకు ఘనపు మీటర్లు) అడుగుతుంది. 30 రోజుల నెలకు సగటున 100 క్యూమెక్కులంటే సుమారు 9.15 టీఎంసీలు. ఏ ఫైలు ఎక్కించినా ఒక నెలకు ఈ లెక్క చేత్తో వేసి చూస్తాను.

సాఫ్ట్‌వేర్ చెప్పని అసలు చిక్కు వేరే ఉంది. కృష్ణా ఉపనది మున్నేరు తీసుకోండి. కీసర గేజి (ప్రవాహం కొలిచే చోటు) దగ్గర కొలిచేది సహజ ప్రవాహం కాదు. పాకాల మొదలు ఎగువ చెరువులన్నీ వాడుకోగా మిగిలిన నీళ్లవి. పైగా సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు నుంచి దిగివచ్చే నీళ్లూ అందులో కలిసి ఉంటాయి. ఆ అంకెల్నే హెడ్‌ఫ్లోగా ఇచ్చి, మళ్లీ ఎగువ ఆయకట్టును డిమాండ్‌గా (నీళ్లు వాడుకునే చోటుగా) పెడితే అదే నీటిని రెండుసార్లు తీసేసినట్టు. మోడల్ కిక్కురుమనకుండా నడుస్తుంది, ఖమ్మం జిల్లాలో లేని కొరత చూపిస్తుంది. ఎగువ వాడకాన్ని తిరిగి కలిపి, కాలువ నీళ్లను తీసేసి, సహజ ప్రవాహాన్ని మనమే బయట తయారుచేసుకోవాలి. గేజి అంకెల్ని మోడల్‌లోని స్ట్రీమ్‌ఫ్లో గేజి నోడ్‌లో, మోడల్ ఫలితాన్ని సరిచూడ్డానికి ఉంచుకోవాలి. మధ్యలో కలిసే చిన్న వాగులకు రీచ్‌ల (నదిని విడదీసిన ముక్కల) దగ్గర వేరే ఇన్‌ఫ్లో గడి ఉంది, అది బాగా ఉపయోగపడింది.

వాన నుంచి ప్రవాహం లెక్కగట్టే క్యాచ్‌మెంట్ పద్ధతి గేజి లేని వాగులకు మంచిదే. కాకపోతే కాలిబ్రేషన్‌కు, అంటే లెక్క కొలతలతో సరిపోయేలా విలువలు సర్దడానికి, ఓపిక కావాలి.

నెలవారీ లెక్కలో వరద మాయమవుతుంది. 2009 అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద కొద్ది రోజులదే. నెల సగటు తీస్తే ఆ ఉధృతి ఉండదు, స్పిల్‌వే మీంచి పోయిన నీళ్లు మోడల్‌లో తక్కువగా తేలతాయి. కేటాయింపుల పనికి వీప్‌ను నిశ్చింతగా వాడతాను. వరద గేట్ల నిర్వహణకు మాత్రం నెలవారీ వీప్ మోడల్‌ను ఎవరికీ సిఫారసు చేయను.