డీ90, ఆర్‌ఎక్స్100: పన్నెండేళ్లకు పైగా రెండూ వాడాక

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు నా రెండు కెమెరాలూ మంచం మీద పక్కపక్కన పెట్టుకుని, "మావయ్యా, వీటిలో ఒక్కటే ఉంచుకోవాలంటే ఏది ఉంచుకుంటావ్?" అని అడిగాడు. వాడు డిగ్రీ రెండో ఏడు. సెకండ్‌హ్యాండ్‌లో కెమెరా కొనుక్కోవాలని ఏడాదిగా డబ్బు దాచుకుంటున్నాడు. పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా) కొనాలా, జేబులో పట్టే చిన్న కెమెరా కొనాలా అన్నది వాడి సమస్య. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "పండగ నాలుగు రోజులూ రెండూ నీ దగ్గరే పెట్టుకో, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. తర్వాత వాడికి చెప్పినవే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఇదే సందేహంలో ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు.

పెద్దది నికాన్ డీ90. 2008లో వచ్చిన మోడల్, నేను కొన్నది 2009 చివర్లో. 12.3 మెగాపిక్సెల్స్. వీడియో తీయగలిగిన మొట్టమొదటి డీఎస్‌ఎల్‌ఆర్ ఇదే. ఆ రోజుల్లో అదో వింత, ఇప్పుడు ఆ వీడియో ఎవరూ వాడక్కర్లేదు. చిన్నది సోనీ ఆర్‌ఎక్స్100, మొదటి మోడల్. 2012లో వచ్చింది, మరుసటి ఏడు కొన్నాను. 20 మెగాపిక్సెల్స్. దీని తర్వాత ఇదే పేరుతో ఏడో మోడల్ దాకా వచ్చాయి, నేను మార్చలేదు. బ్యాటరీ, కార్డుతో కలిపి 240 గ్రాములు. డీ90కి 18-105 జూమ్ లెన్స్ తగిలిస్తే కేజీ దాటుతుంది. ఇప్పటిదాకా పెద్దదానితో అరవై ఒక్క వేల ఫొటోలు తీశాను. చిన్నదానిలో లెక్క చూడలేదు కానీ, ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్న ఫొటోల్లో సగానికి పైగా దానివే.

ఫోన్ ఉండగా ఇవెందుకు అని అడిగేవాళ్లుంటారు. ఫోన్‌తో నేనూ తీస్తాను. కానీ ప్రింటు వేయించి గోడకు పెట్టుకునే ఫొటో, జూమ్ చేసి తీయాల్సిన ఫొటో, పరిగెత్తే పిల్లాడి ఫొటో కావాలంటే చెయ్యి ఇప్పటికీ కెమెరా మీదికే వెళుతుంది.

ముందుగా పెద్దదాని గొప్పతనం ఎక్కడుందో చెప్తాను. మాది కోనసీమ. కనుమ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. పదకొండు ఊళ్ల శివుళ్లు ఏకాదశ రుద్రులుగా, భుజాల మీద మోసే ఎత్తైన అలంకరణ కట్టడాలైన ప్రభల మీద వచ్చి ఆ కొబ్బరితోటలో కొలువుదీరతారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను కౌశిక కాలువలోంచి దాటించే చోట నిలబడటం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. "అశ్శరభ శరభ" అంటూ కేకలు వేస్తూ జనం నీళ్లలోకి దిగుతారు. భుజాల మీద ప్రభ ఊగుతుంది. మోసేవాళ్ల మెడనరాలు బిగుసుకుంటాయి. ఒకడు గుంటలో కాలు పడి పక్కకి ఒరిగితే, ప్రభ మొత్తం ఒరుగుతుంది. వెనకాలున్న నలుగురు ఒక్కసారిగా భుజం ఎత్తుతారు. ఫొటో ఆ క్షణంలోనే ఉంది. దానికి ముందూ లేదు, తర్వాతా లేదు.

అక్కడ డీ90 కంటికి ఆనించుకుంటే నేను చూసేది అద్దంలోంచి వచ్చే అసలు దృశ్యం. స్క్రీన్ కాదు, ఆలస్యం లేదు. స్విచ్ వేయగానే సిద్ధం. నొక్కగానే షట్టర్ పడుతుంది. రెండో కన్ను తెరిచే ఉంచి, ఫ్రేమ్‌లోకి ఎవరు రాబోతున్నారో కూడా చూసుకుంటాను. ఎదురుగా ఎండ నీళ్ల మీద పడి మెరుస్తున్నా దీనికి ఇబ్బంది లేదు.

అదే చోట చిన్నదాన్ని కూడా ఒక ఏడాది ప్రయత్నించాను. దీనికి వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే కిటికీ, లేదు. వెనక స్క్రీన్ వెలుగును పూర్తిగా పెంచినా, నడినెత్తిన ఎండలో నాకు కనిపించింది నా ముఖమే. లెన్స్ బయటికి వచ్చి సిద్ధమవడానికి రెండు సెకన్లు పోతాయి. కాగితం మీద చూస్తే సెకనుకు పది ఫొటోలు తీయగలదు, డీ90 తీసేవి నాలుగున్నరే. కానీ ఆ పది ఫొటోలకీ మొదటి ఫొటోకి కుదిరిన ఫోకసే ఉంటుంది. ప్రభ నా వైపు వస్తుంటే మూడో ఫొటోకే మసకబారింది. స్పెసిఫికేషన్లు చూసి కెమెరా కొనేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

ఇక వెలుతురు సంగతి. పెద్ద కెమెరా అంటే చీకట్లో బాగా తీస్తుందని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కార్తీక పౌర్ణమి నాడు రాజమండ్రి పుష్కర ఘాట్‌లో అరటిదొప్పల్లో దీపాలు వదిలే వేళ రెండూ పట్టుకెళ్లాను. మా చెల్లెలు వంగి దొప్పను నీళ్లలో పెడుతోంది. దీపం వెలుగు తన చేతి మీదా, గడ్డం కిందా మాత్రమే పడుతోంది. చిన్నదాంట్లో లెన్స్‌ను వైడ్‌లో ఉంచితే అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం; అంకె తగ్గేకొద్దీ అది పెద్దదవుతుంది) 1.8 వస్తుంది. ఐఎస్‌ఓ 1600లో (ఈ అంకె పెంచితే తక్కువ వెలుతుర్లోనూ ఫొటో వస్తుంది, కానీ నలుసులు పెరుగుతాయి), చెయ్యి వణక్కుండా పట్టుకుంటే ఫొటో వచ్చేసింది. డీ90కి ఉన్న 18-105 లెన్స్ ఎంత తెరిచినా 3.5 దగ్గరే ఆగుతుంది. అదే షట్టర్ స్పీడుకి ఐఎస్‌ఓ 6400 కావాల్సి వచ్చింది. ఆ కెమెరాకి మామూలు హద్దు 3200. అది దాటితే నల్లటి చోట్ల ఎర్రటి నలుసులు మొదలవుతాయి.

కారణం చిన్న లెక్కలోనే ఉంది. డీ90 సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్) 23.6 బై 15.8 మిల్లీమీటర్లు. చిన్నదానిది 13.2 బై 8.8. దాన్ని వన్ ఇంచ్ సెన్సర్ అంటారు కానీ ఏ వైపు కొలిచినా అంగుళం ఉండదు. వెనకటి వీడియో కెమెరా ట్యూబుల కొలతల నుంచి మిగిలిపోయిన పేరది. పెద్ద సెన్సర్ వైశాల్యం చిన్నదానికి మూడు రెట్లు పైనే. కానీ 1.8 లెన్స్ లోపలికి రానిచ్చే వెలుతురు, 3.5 లెన్స్ రానిచ్చేదానికి దాదాపు నాలుగు రెట్లు. అంటే సెన్సర్‌లో ఉన్న లాభం మొత్తాన్నీ లెన్స్ తినేసింది! జూమ్ చేస్తే మాత్రం చిన్నదాని అపర్చర్ 4.9కి పడిపోతుంది, అప్పుడు పెద్దది ముందుకొస్తుంది.

ఆ రాత్రి తర్వాత డీ90కి 35 ఎంఎం 1.8 లెన్స్ కొన్నాను. జూమ్ ఉండదు, కాళ్లతోనే ముందుకీ వెనక్కీ నడవాలి. ఆ లెన్స్ పెట్టాక అది వేరే కెమెరా అయిపోయింది. ట్యూబ్‌లైటు వెలుతుర్లో, ఫ్లాష్ లేకుండా మా ఇంట్లో జరిగిన అన్నప్రాశన మొత్తం దానితోనే తీశాను. పిల్ల ముఖం స్పష్టంగా ఉండి, వెనకాల నిలబడ్డ చుట్టాలంతా మెత్తగా మసకలో కలిసిపోయారు. చిన్నదానితో వెనక అంత మసక రాదు. కాబట్టి పాత డీఎస్‌ఎల్‌ఆర్ కొని దానితో వచ్చిన కిట్ లెన్స్‌తోనే సరిపెట్టుకోవాలనుకుంటే, ఆ డబ్బుకి చిన్న కెమెరానే మేలని నా గట్టి అభిప్రాయం.

ఫ్లాష్ విషయంలో చిన్నది నన్ను ఆశ్చర్యపరిచింది. పైకి లేచే దాని బుల్లి ఫ్లాష్‌ను చూపుడువేలితో వెనక్కి నొక్కి పట్టుకుంటే వెలుగు సీలింగ్‌కి తగిలి కిందికి దిగుతుంది. తెల్ల సున్నం వేసిన గదిలో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నుదుటి మీద జిడ్డు మెరుపు ఉండదు, వెనక గోడ మీద నల్లటి నీడ పడదు. డీ90 మీదున్న ఫ్లాష్ నేరుగా ముఖం మీదే కొడుతుంది. సీలింగ్‌కి తిప్పాలంటే విడిగా ఇంకో ఫ్లాష్ కొనాలి, దాన్నీ మొయ్యాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, మా మామ్మ ఫొటోలు ఒక ఎత్తు.

మామ్మకిప్పుడు ఎనభై ఎనిమిదేళ్లు. పెద్ద కెమెరా బయటికి తీశానంటే చాలు, "ఉండరా, అంత మిషను పట్టుకొచ్చావు, చీర మార్చుకొస్తాను" అంటుంది. మార్చుకొచ్చి, కొంగు భుజాల నిండా కప్పుకుని, చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టి, రేషన్ కార్డు ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుంటుంది. డీ90తో తీసిన మామ్మ ఫొటోలు నా దగ్గర ఎన్నో ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ మామ్మ లేదు. చిన్నది అరచేతిలో దాగిపోతుంది. షట్టర్ శబ్దం కూడా పక్కవాళ్లకు వినపడదు. ఒకరోజు వీధరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఎడమచేత్తో చేట అంచు పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో, ఉంగరం వేలితో రాయిని పట్టి పక్కకి విసురుతోంది. కళ్లజోడు ముక్కు చివరికి జారింది. పెదాలు ఏదో లెక్క పెడుతున్నట్టు కదులుతున్నాయి. నేను రెండు అడుగుల దూరంలో కూర్చుని స్క్రీన్ కేసి చూస్తూ ఆరు ఫొటోలు తీశాను. ఆవిడ తలెత్తలేదు. అందులో నాలుగోది ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాం. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ దాని ముందు ఒక్క నిమిషం ఆగుతారు.

కాబట్టి కదిలేవాటికి పెద్దది, కెమెరాకి బిగుసుకుపోయేవాళ్లకి చిన్నది. నేను పన్నెండేళ్లలో నేర్చుకున్న తేడా ఇది. పాపికొండల బోటు ప్రయాణాలకీ, పెళ్లిళ్లకి చుట్టంగా వెళ్లినప్పుడూ కూడా చిన్నదే. మెడలో పెద్ద కెమెరా ఉంటే ఎవరో ఒకరు మనల్ని పెళ్లి ఫొటోగ్రాఫర్ పక్కన నిలబెట్టేస్తారు, భోజనం బంతి దాటిపోతుంది. బ్యాటరీ మాత్రం చూసుకోవాలి. కంపెనీ లెక్క ప్రకారం డీ90కి 850 ఫొటోలు, చిన్నదానికి 330. నేనెప్పుడూ జేబులో రెండోది పెట్టుకుంటాను.

మన్నిక గురించి చెప్పాలి, ఎందుకంటే సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకి ఇదే ముఖ్యం. ఒక మే నెలలో అంతర్వేది సముద్రపు ఒడ్డున, ఇసుక రేగుతున్న గాలిలో, చిన్న కెమెరా లెన్స్‌ను మళ్లీ మళ్లీ జూమ్ చేశాను. తప్పు నాదే. లోపలికీ బయటికీ కదిలే ఏ లెన్స్ అయినా గాలిని పీల్చుకుంటుంది, గాలితోపాటు దుమ్మునీ. ఆ తర్వాత ఆకాశం ఫొటోల్లో ఎడమవైపు పైన ఒక బూడిదరంగు మచ్చ కనిపించసాగింది. అపర్చర్ రంధ్రాన్ని చిన్నది చేసినకొద్దీ అది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. లెన్స్, సెన్సర్ ఒకే ముద్దగా బిగించి ఉంటాయి కాబట్టి మొత్తం విప్పితేగాని తుడవడం కుదరదు. రిపేరుకి అడిగిన డబ్బుకి ఇంకొంచెం కలిపితే అలాంటిదే పాత కెమెరా ఇంకోటి వస్తుంది. మచ్చతోనే వాడుకుంటున్నాను, ప్రింటు వేసేముందు కంప్యూటర్‌లో చెరిపేస్తాను. డీ90లో దుమ్ము పడితే లెన్స్ ఊడదీసి, మెనూలోంచి అద్దం పైకి లేపి, రబ్బరు బ్లోయర్‌తో నాలుగుసార్లు కొడితే పోతుంది.

పెద్దదాని కష్టాలు వేరు. మా గోదావరి తేమకి లెన్స్‌లో బూజు పడుతుంది. తెల్లటి సాలెగూడులా అంచుల నుంచి మొదలవుతుంది. బ్యాగులో పెట్టి బీరువాలో దాచడం కన్నా హాని ఇంకోటి లేదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టాలి, నెలకోసారైనా బయటికి తీసి వాడాలి. మన ఎండలకి చేతిపట్టు దగ్గరి రబ్బరు ఉబ్బి ఊడటం ఇలాంటి పాత కెమెరాలకు మామూలే, జిగురుతో అంటించుకోవచ్చు.

పాతది కొనేటప్పుడు లెన్స్‌ను వెలుతురుకి ఎదురుగా పెట్టి లోపలికి చూడండి. బూజు ఉంటే ఎంత తక్కువకి ఇచ్చినా వదిలేయండి. షట్టర్ కౌంట్, అంటే అప్పటిదాకా తీసిన ఫొటోల లెక్క, అడగండి. డీ90 షట్టర్‌ను లక్ష దాకా పరీక్షించారు, యాభై అరవై వేల దగ్గర దొరికితే భయపడక్కర్లేదు. డీ90కి 32 జీబీ దాటిన కార్డు కొనకండి, అది వచ్చిన కాలానికి పెద్ద కార్డులు లేవు. ఇంకో మంచి సంగతి, డీ90 బాడీలోనే ఫోకస్ మోటారు ఉంది. తక్కువ ధరకి దొరికే పాత 50 ఎంఎం 1.8డి లెన్స్ కూడా దీనిమీద ఆటోఫోకస్ అవుతుంది. అదే కాలంలో వచ్చిన డీ3000, డీ5000ల మీద అవ్వదు. చిన్న కెమెరా అయితే స్విచ్ వేసి లెన్స్ పదిసార్లు బయటికీ లోపలికీ తిప్పించండి. తర్వాత తెల్లగోడను అపర్చర్ 8లో ఫొటో తీసి, పెద్దది చేసి మచ్చలు వెతకండి.

పండగ అయిపోయాక మేనల్లుడు మళ్లీ కూర్చున్నాడు. ఒక్కటే ఉంచుకోవాలంటే నేను చిన్నదే ఉంచుకుంటానని చెప్పాను. నేనిప్పుడు తీసేది ఎక్కువగా ఇంట్లో పెద్దవాళ్లని. కేజీ బరువు రోజంతా మెడలో మోసే ఓపిక కూడా తగ్గింది. కానీ వాడికి మాత్రం పెద్దదే సరైనది. వాడు తీయాలనుకుంటున్నది కాలేజీలో కబడ్డీ. పైగా అపర్చర్‌కి ఒక చక్రం, షట్టర్‌కి ఒక చక్రం వేళ్ల కిందే ఉంటే, తిప్పుతూ తిప్పుతూనే వెలుతురు అర్థమవుతుంది. నేను అలాగే నేర్చుకున్నాను. కనుమ రోజు వాడు డీ90తో తీసిన ఫొటోలు చూశాక నాకింక సందేహం మిగల్లేదు. నీళ్లలో ప్రభ ఒరిగిన ఆ క్షణం, నాకు మూడేళ్లుగా దొరకనిది, వాడికి దొరికింది.

డబ్బు తీసుకోలేదు. కెమెరా, రెండు బ్యాటరీలు, బ్లోయర్, సిలికా జెల్ డబ్బాతో సహా సర్ది ఇచ్చాను. 18-105 లెన్స్ మాత్రం వాడే బయటికి తీసి బల్లమీద పెట్టి, "ఇది వద్దులే మావయ్యా, 35 చాలు" అన్నాడు.