న్యూగ్రేంజా, నౌతా: ఏది మేలు?

డబ్లిన్‌కి చుట్టాలొస్తే ఈ ప్రశ్న తప్పదు: "ఒక్క పూటే ఉంది, న్యూగ్రేంజ్ చూడమంటావా, నౌత్ చూడమంటావా?"

రెండూ మీత్ కౌంటీలో, బోయిన్ నది వంపులో ఉన్నాయి. రెండూ పైన పెద్ద దిబ్బ కప్పిన, అయిదు వేల ఏళ్ళ నాటి రాతి సమాధులే. ములుగు వైపు మనం రాక్షస గుళ్ళు అనేవి ఇనుపయుగానివి. ఇవి లోహమంటే ఏమిటో ఎరగనివాళ్ళు కట్టినవి. 1993లో యునెస్కో రెండింటినీ కలిపే వారసత్వ జాబితాలో చేర్చింది. మన కారులో గుమ్మం దాకా పోనివ్వరు, సందర్శకుల కేంద్రం నుంచి వాళ్ళ బస్సెక్కాలి.

న్యూగ్రేంజ్‌లో లోపలికి వెళ్ళనిస్తారు, అదీ దాని బలం. 19 మీటర్ల ఇరుకు దారి; లావుపాటివాళ్ళు పక్కకి తిరిగి నడవాల్సిందే. చివర చిన్న గది. తలెత్తితే, ఒక్కో వరస రాయినీ కాస్త కాస్త లోపలికి జరుపుతూ ఆరు మీటర్ల ఎత్తున మూసేసిన కప్పు. సున్నం లేదు, సిమెంటు లేదు. సందుల్లో కాల్చిన మట్టి, సముద్రపు ఇసుక కూరారు. ఐర్లండ్ వానకి ఇప్పటికీ చుక్క కారదు (మా అద్దింటి గురించి ఆ మాట అనలేను). సూర్యుడు ఉత్తరానికి మళ్ళే రోజుల్లో, అంటే డిసెంబరు 21కి అటూ ఇటూ, గుమ్మం పైన వదిలిన సందులోంచి పొద్దుటెండ గది దాకా పాకి 17 నిమిషాలు నిలుస్తుంది. ఆ తెల్లవారుజాములకి లాటరీ తీస్తారు. మిగతా రోజుల్లో కరెంటు దీపంతో సరిపెట్టుకోవాలి.

అయితే ఫోటోల్లో న్యూగ్రేంజ్ గుమ్మానికి అటూ ఇటూ మెరిసే ఆ తెల్లగోడతోనే నాకు పేచీ. తవ్వకాలు జరిపిన మైకేల్ ఓ కెల్లీ, ముందు నేలంతా పడి ఉన్న పలుగురాళ్ళని చూసి ఇది కూలిన గోడేనని తేల్చి, వెనక కాంక్రీటు దన్నుతో నిలబెట్టించాడు. కాదు, అది గుమ్మం ముందు పరిచిన రాళ్ళేనని వాదించే పురావస్తువేత్తలూ ఉన్నారు. నౌత్‌లో అవే పలుగురాళ్ళని గుమ్మం ముందు నేలమీదే ఉంచారు. గోడో, అరుగో మనమే ఊహించుకోవచ్చు.

నౌత్‌లో దారులు రెండు, తూర్పుకొకటి, పడమరకొకటి. వాటిలోకి పంపరు, పక్కన కట్టిన గదిలోంచి తూర్పు దారిలోకి తొంగిచూడటమే. నిరాశే, ఒప్పుకుంటాను. కానీ దిబ్బ చుట్టూ 127 అంచురాళ్ళు! సుడులు, వంకర గీతలు, నెలవంకలు. ఇంత రాతి చెక్కడం పశ్చిమ ఐరోపాలో మరెక్కడా ఒక్కచోట లేదు. పక్కనే పిల్లల్లా చిన్న సమాధులు. దిబ్బ మీదికెక్కితే లోయంతా కనిపిస్తుంది.

పిల్లలతో, మొదటిసారి వచ్చినవాళ్ళని న్యూగ్రేంజ్‌కే పంపుతాను. నన్ను ఎంచుకోమంటే నౌత్. వానకోటు మాత్రం మరవొద్దు, అక్కడ వానొస్తే దూరడానికి ఆ అయిదు వేల ఏళ్ళ కప్పు కిందికి రానివ్వరు.