పాండవుల గుట్టకు ఒక్కదాన్నే

హన్మకొండలో ఆ లాడ్జి కౌంటర్ ముందు నిలబడిన అరగంట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. భూపాలపల్లి వైపు రేగొండ దగ్గరున్న పాండవుల గుట్టలో పాతకాలపు రాతి బొమ్మలు చూడటానికి పోయిన నడక గురించి తర్వాత చెబుతాను, ముందు ఇది చెప్పాలి.

డిసెంబర్ మొదటి శనివారం మూడింటికి జగిత్యాలలో బస్సెక్కి, కరీంనగర్‌లో మారి, హన్మకొండలో దిగేసరికి చీకటి పడింది. పొద్దున్నే గుట్టకు పోవాలి కాబట్టి బస్టాండుకు దగ్గరలో ఉన్న లాడ్జికి వెళ్లాను. గోడ మీద బోర్డులో 900 రూపాయలని రాసి ఉంది. కౌంటర్‌లో మనిషి తలెత్తకుండానే "ఎంతమంది?" అన్నాడు. ఒక్కదాన్నే అన్నాను. అప్పుడు తలెత్తాడు.

"సింగిల్ లేడీస్‌కి రూమ్ ఇయ్యం మేడం."

ఎందుకివ్వరని అడిగితే, ఏమన్నా అయితే మాకు ప్రాబ్లం అన్నాడు. ఆధార్ కార్డు ఇచ్చాను. బడిలో ఇచ్చిన ఐడీ కార్డు కూడా చూపించాను. రెండూ తిప్పి తిప్పి చూసి, "ఇంట్లో మొగోళ్లతోని ఒకసారి మాట్లాడియ్యండి" అన్నాడు. మా ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ మాట అక్కడ నలుగురి ముందు చెప్పాల్సి వచ్చింది. చివరికి హైదరాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా బాబుకు ఫోన్ కలిపాను. వాడు "అవును సార్, మా అమ్మే" అన్నాక తాళం చెవి చేతికొచ్చింది. ఇరవై రెండేళ్లుగా సర్కారు బడిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నేను ఎవరినో చెప్పడానికి నా కొడుకు సాక్ష్యం కావాల్సి వచ్చింది.

తీసుకున్నది 1,400. ఒక్కరైనా డబుల్ రూమ్ రేటేనట. దుప్పటి మారుస్తారా అని రెండుసార్లు అడిగినా ఎవరూ రాలేదు, నా చున్నీ పరుచుకుని పడుకున్నాను. తలుపు గడియ వదులుగా ఉంటే కుర్చీ అడ్డం పెట్టాను. పొద్దున వేడినీళ్లు బకెట్‌కు 30. ఒంటరి ఆడవాళ్లకు గది ఇవ్వకూడదనే చట్టం ఏదీ లేదు, ఇది గట్టిగా అడగండి. దానికంటే మంచిది, నక్కలగుట్టలో టూరిజం వాళ్ల హరిత కాకతీయ ఉంది, అక్కడ గది దొరుకుతుందేమో ముందే కనుక్కుని బయల్దేరండి. నేను ఆ పని చేయకపోవడం నా తప్పే.

ఆరున్నరకు భూపాలపల్లి బస్సు. ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకిచ్చే మహాలక్ష్మి జీరో టికెట్, పైసా ఖర్చు లేదు. ఆత్మకూరు, పరకాల దాటి రేగొండలో దిగాను. ఇడ్లీ, చాయ్ కలిపి 45 రూపాయలు. గుట్ట దాకా ఆటోకు 300 అడిగాడు, బేరం ఆడే ఓపిక లేక ఇచ్చేశాను.

పాండవుల గుట్ట అంటే ఒక్క గుట్ట కాదు. రావులపల్లి, తిరుమలగిరి ఊళ్ల దగ్గర వరుసగా లేచిన ఇసుకరాతి గుట్టలు. మన వైపు గుట్టలంటే నల్లటి గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి కదా, ఇవి అట్లా కాదు. పొరలు పొరలుగా, అటుకులు అద్దినట్టు, కొన్నిచోట్ల గోడలా నిటారుగా నిలబడి ఉంటాయి. రాయి రంగు కూడా పొద్దుతో పాటు మారింది. నేను పోయినప్పుడు బూడిదరంగులో ఉన్నది, ఎనిమిదిన్నరకు ఎండ తగలగానే పసుపు తిరిగింది. అడవి దారిలో గంటసేపు నా చెప్పుల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. బూట్లు వేసుకోవాల్సింది, ఎండుటాకుల కింద రాళ్లు జారుతున్నాయి. మధ్యలో దారి రెండుగా చీలిన చోట బోర్డు ఏదీ కనిపించక తప్పు వైపు పోయి ఇరవై నిమిషాలు తిరిగాను. ఆ ఇరవై నిమిషాలు కొంచెం టెన్షన్ పడ్డ మాట నిజం.

బొమ్మలున్న రాతిగూడు కనిపించగానే అదంతా పోయింది. ఈ బొమ్మల సంగతి బయటివాళ్లకు తెలిసింది 1990లో. మధ్య రాతియుగం నాటి నుంచి చారిత్రక కాలం దాకా వేర్వేరు కాలాల్లో వేసినవి. అడవిదున్న, జింక, పులి, విల్లు, బాణం, స్వస్తిక్ గుర్తు. పాండవులు అరణ్యవాసంలో ఇక్కడ తలదాచుకున్నారని ఊరివాళ్ల నమ్మకం, గుట్ట పేరు అట్లా వచ్చిందే. బొమ్మల్లో కొన్ని తెల్లవి, కొన్ని పసుపువి, ఎక్కువగా ఎర్రవి. ఆ ఎరుపు చూసి అక్కడే కూర్చుండిపోయాను. మా నానమ్మ పండగకు ముందు గడపకు, అరుగుకు పూసే జాజు రంగు అదే. తడి గుడ్డతో అలుకుతుంటే చేతికి అంటుకుని రెండు రోజులు పోయేది కాదు. వేల ఏళ్ల కిందటి మనిషి చేతికీ అట్లాగే అంటుకుని ఉంటుంది.

ఆ పక్కనే తెల్ల పెయింట్‌తో ఒక అబ్బాయి పేరు, ఒక అమ్మాయి పేరు, మధ్యలో గుండె గుర్తు. మరోచోట బొమ్మ మీదనే రాయితో గీకారు. చూస్తే కడుపు రగిలిపోయింది. పిల్లల్ని తీసుకుపోయేవాళ్లు ముందే చెప్పి తీసుకుపోండి. ఫొటోలో రంగు బాగా రావాలని బొమ్మ మీద నీళ్లు చల్లేవాళ్లు కూడా ఉంటారు, అది అసలే చేయొద్దు, రంగు చెదిరిపోతుంది.

పదకొండున్నరకు కిందికి దిగితే గుట్ట మొదట్లో పత్తి చేను. ఒడి కట్టుకుని ఆరుగురు ఆడవాళ్లు పత్తి ఏరుతున్నారు. నన్ను చూసి పెద్దామె నడుం పట్టుకుని లేచి నిలబడింది.

"ఒక్కదానివే అచ్చినవా బిడ్డా?"

రాత్రి లాడ్జిలో విన్న ప్రశ్నే. కానీ ఆమె అడిగాక జవాబు కోసం ఆగలేదు. "పొద్దటి సంది ఏమన్న తిన్నవా?" అని, గట్టు మీద చెట్టు కింద ఉన్న సద్ది మూట విప్పింది. డబ్బా మూతలో అన్నం పెట్టి పచ్చిపులుసు పోసింది. నువ్వుల పొడి వేసిన పచ్చిపులుసు, పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు పళ్ల కింద కరకరలాడుతున్నాయి. ఇంకొకామె చిక్కుడుకాయ కూర వేసింది. నాకు పెడితే మీకు చాలదన్నా వినలేదు. తింటూ అడిగితే చెప్పారు, ఈసారి ఏరినందుకు కిలోకు 12 రూపాయలు ఇస్తున్నారట. వంద రూపాయలు ఇవ్వబోతే పెద్దామె కోపంగా చూసింది. "అన్నానికి పైసలిస్తరా? మళ్ల అచ్చేటప్పుడు నీ కొడుకును తోల్కరా. పొద్దుగూకేదాక మాత్రం ఉండకుండ్రి, ఎలుగుగొడ్లు దిగుతయ్" అంది. ఆ నోటు మళ్లీ పర్సులో పెట్టుకోవడానికి చాలా సిగ్గేసింది. సాయంగా గంటసేపు వాళ్లతో పత్తి ఏరాను. కాయ పెంకులు గుచ్చుకుని వేళ్లు మండాయి, నేను ఏరింది కిలో కూడా అయ్యుండదు.

రేగొండకు షేర్ ఆటో 40. అక్కడి నుంచి జగిత్యాల దాకా మళ్లీ జీరో టికెట్లే. ముందురోజు రాత్రి భోజనం 90, రెండు నీళ్ల సీసాలు 40 కలుపుకుని మొత్తం ఖర్చు 1,945. అందులో 1,430 ఆ గదికీ, ఆ బకెట్ వేడినీళ్లకీ పోయింది.

పరకాల దాటాక మా అక్క ఫోన్ చేసింది. ఒక్కదానివే ఎందుకు పోయావని ముందు తిట్టి, తర్వాత ఎట్లా ఉందని అడిగి, వచ్చే నెల తనూ వస్తానంది. బయల్దేరేటప్పుడు ఆ పెద్దామె నా సంచిలో దోసెడు కందికాయలు పోసింది. ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. ఉప్పు వేసి ఉడకబెట్టుకుని, అవే తిని పడుకున్నాను.