మతేరాకు ఒక రాత్రి చాలు, మిగతావి వుల్తురేకి ఉంచుకోండి

ఇటలీ వైన్ అంటే మనవాళ్లకు టస్కనీయే. దక్షిణాన ఉన్న బసిలికాతా ప్రాంతానికి వచ్చే కొద్దిమంది కూడా మతేరా ఊరి గుహ ఇళ్ల ముందు ఫొటోలు దిగి వెనక్కి తిరుగుతారు. వైన్ కోసం వెళ్లేవాళ్లకు అసలు ఊళ్లు ఉత్తరాన, వుల్తురే కొండ చుట్టూ ఉన్నాయి.

మతేరా బాగోలేదని కాదు. 1993లో యునెస్కో గుర్తింపు ఊరికే రాలేదు. కానీ మేం దిగిన గుహ హోటల్ గదిలో చెమ్మ వాసన, ఏసీ వేసినా పోలేదు. కారు పాత ఊళ్లోకి రానివ్వరు, సూట్‌కేసులు మోసుకుంటూ మెట్లు దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే పైన కొత్త ఊళ్లో గది తీసుకోండి.

అక్కడి నుంచి కారులో సుమారు గంటన్నర వెళ్తే వుల్తురే దగ్గరి వెనోసా ఊరు వస్తుంది. వుల్తురే 1,326 మీటర్ల ఎత్తున్న చల్లారిపోయిన అగ్నిపర్వతం. దాని బూడిద నేలల్లో పండే ఎర్ర ద్రాక్ష అల్యానికో. దక్షిణ ఇటలీ కాబట్టి తొందరగా పండుతుందనుకుంటాం. ఎత్తు వల్ల రాత్రుళ్లు చల్లగా ఉంటాయి, రకమూ ఆలస్యంగా పండేదే. అందుకే చాలాచోట్ల కోతలు అక్టోబర్ చివర్లో మొదలై నవంబర్ దాకా సాగుతాయి. మేం వెళ్లేసరికి తోటల్లో గుత్తులు ఇంకా వేలాడుతున్నాయి.

ఆ చుట్టుపక్కలే ఉన్న బరీలే ఊళ్లో మెత్తటి తుఫా రాయిని తొలిచిన పాత సెల్లార్లు (వైన్ నిలవ ఉంచే గదులు) వరుసగా ఉంటాయి. ఎండాకాలమైనా లోపల చల్లదనం మారదు. అక్కడ ఆ ద్రాక్షతో చేసిన లేత అల్యానికో వైన్ తాగితే నాలుక పట్టేసినంత వగరు, దాని వెనకే గట్టి పులుపు. ఏళ్లు గడిచిన సీసాలో అదే వగరు మెత్తబడి, ఎండిన చెర్రీ, పొగాకు వాసనలు బయటికొస్తాయి. రుచి చూపించే చోట పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టమని తప్పకుండా అడగండి. ఉత్తర ఇటలీలో పేరుమోసిన ఎర్ర వైన్ బరోలో పేరు తగిలించి 'దక్షిణాది బరోలో' అని దీన్ని అమ్ముతుంటారు. ఆ అరువు పేరు దీనికి అవసరం లేదని నా అభిప్రాయం. సీసా మీద 'సుపీరియోరే' అని ఉంటే 2010లో ఇటలీ వైన్లలో అన్నిటికంటే పై హోదా దక్కిన, ఎక్కువకాలం నిలవ ఉంచిన రకమని గుర్తు. మోస్కాతో అనే తీపి తెల్ల వైన్ కూడా ఉంది, సరదాకి పర్వాలేదు.

శాకాహారులకు శనగల పాస్తా దొరుకుతుంది. సెనీసే అనే ఊరి ఎండు మిరపకాయలను నూనెలో వేయించి పెడతారు. చూడ్డానికి మన చల్ల మిరపకాయల్లా కరకరలాడతాయి కానీ కారం ఉండదు. వగరు వైన్‌తో నంజుకోవడానికి ఇంతకంటే మంచిది నాకు తగల్లేదు.

బస మాత్రం వెనోసాలోనే పెట్టుకోండి. ప్రాచీన రోమన్ కవి హొరేస్ పుట్టిన ఊరు, కప్పు వేయకుండానే ఆగిపోయిన పాత చర్చి, రాత్రి నడిచి తిరగడానికి హాయి. పైగా తాగి కారు తోలే టెన్షన్ ఉండదు. ఇటలీలో రక్తంలో ఆల్కహాల్ లీటరుకు అర గ్రాము మించకూడదు, లైసెన్స్ వచ్చి మూడేళ్లు కానివారికి సున్నా. ఎక్కువగా చిన్న కుటుంబాల సెల్లార్లు కాబట్టి ముందే మెయిల్ పెట్టండి, మధ్యాహ్నం, ఆదివారం తెరిచి ఉంటాయని నమ్ముకోవద్దు. ఇండియాకి సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది మనిషికి రెండు లీటర్లే, అంటే మామూలు సీసాలు రెండు. ఆ రెండూ సుపీరియోరే కొనుక్కోండి. లేతది అక్కడే తాగేసి రండి.