అణు ఫార్ములా కట్టడానికి ఏది మేలు: ముందు అనుభావికమా, నేరుగా లెక్కా?

మూలకాల శాతాలు, మోలార్ ద్రవ్యరాశి (ఒక మోల్ పదార్థం ఎన్ని గ్రాములో) రెండూ ఇచ్చిన లెక్క వస్తే విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ముందు అనుభావిక ఫార్ములా (పరమాణువుల అతి చిన్న పూర్ణాంక నిష్పత్తి) కట్టి, ఆ తర్వాత ఎన్ విలువతో (మోలార్ ద్రవ్యరాశిని ఆ ఫార్ములా ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చే సంఖ్య) గుణించాలా? లేక మోలార్ ద్రవ్యరాశిలో ఒక్కో మూలకం వాటా ఎన్ని గ్రాములో చూసి, దాన్ని పరమాణు ద్రవ్యరాశితో భాగించి ఒకేసారి అణు ఫార్ములా (ఒక అణువులో నిజంగా ఉండే పరమాణువుల సంఖ్య) రాసేయొచ్చా? అంకెలన్నీ కచ్చితంగా ఉంటే రెండు దారులూ ఒకే చోటికి తీసుకెళ్తాయి. అంకెల్లో కాస్త తేడా ఉన్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

నేరు పద్ధతిని ఎందుకు ఇష్టపడతారో ఆస్పిరిన్‌తో తెలుస్తుంది. కార్బన్ 60.00, హైడ్రోజన్ 4.48, ఆక్సిజన్ 35.52 శాతం, మోలార్ ద్రవ్యరాశి 180.16. శాతాలను పరమాణు ద్రవ్యరాశులతో భాగించి మోల్‌లుగా మార్చి, అన్నిటికంటే చిన్నదైన 2.22తో భాగిస్తే 2.25 : 2 : 1 వస్తుంది. పరీక్ష టెన్షన్‌లో ఆ 2.25ను 2గా రౌండ్ చేసేవాళ్లు చాలామంది. నిజానికి అన్నిటినీ 4తో గుణించి 9 : 8 : 4 అనాలి. నేరు పద్ధతిలో ఈ చిక్కే లేదు. 180.16లో 60 శాతం 108.1 గ్రాములు, దాన్ని 12.01తో భాగిస్తే 9. మిగతావీ అలాగే 8, 4 అని పూర్ణాంకాలుగా వచ్చేస్తాయి. ఒకవేళ మొదటి దారిలోనే 2, 2, 1 అని తప్పుగా రాశారనుకోండి, ఆ ఫార్ములా ద్రవ్యరాశి 42.04. 180.16ను దానితో భాగిస్తే 4.29. ఎన్ పూర్ణాంకం కాలేదంటే వెనక్కి వెళ్లి చూడమనే అర్థం. ఆ హెచ్చరికను పట్టించుకునేవాళ్లకు మొదటి దారిలోనూ ప్రమాదం తక్కువే.

నా మొగ్గు అనుభావిక ఫార్ములా వైపే. కారణం ఒక్కటి: శాతాలు ఒక కొలత నుంచి వస్తాయి, మోలార్ ద్రవ్యరాశి ఇంకో కొలత నుంచి వస్తుంది. నేరు పద్ధతి మొదటి అడుగులోనే ఈ రెంటినీ కలిపేస్తుంది. తర్వాత తేడా వస్తే అది ఎక్కడిదో చెప్పడం కష్టం.

ఎసిటిక్ ఆమ్లాన్ని చూడండి. దాని ఆవిరిలో అణువులు కొన్ని జంటలుగా అతుక్కుని ఉంటాయి. అందుకే బాష్ప సాంద్రతను (ఆవిరి సాంద్రతను) బట్టి లెక్కకట్టిన ద్రవ్యరాశి అసలు విలువ 60కీ దాని రెట్టింపు 120కీ మధ్య ఎక్కడో తేలుతుంది. మనకు 100 వచ్చిందనుకుందాం. శాతాలు మాత్రం సరిగ్గానే ఉన్నాయి: కార్బన్ 40.00, హైడ్రోజన్ 6.71, ఆక్సిజన్ 53.28. నేరుగా లెక్క వేస్తే 3.33, 6.66, 3.33. మూడూ భిన్నాలే. తొందరపడితే 3, 7, 3 అని రాసేస్తాం. కానీ కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే ఉండే స్థిరమైన అణువులో హైడ్రోజన్ల సంఖ్య బేసి కాకూడదు కదా! అదే అనుభావిక దారిలో వెళ్తే 1 : 2 : 1 నికరంగా వస్తుంది, అందులో అనుమానానికి చోటే లేదు. 100ను 30.03తో భాగిస్తే 3.33. అంటే శాతాలు బాగున్నాయి, అనుమానించాల్సింది మోలార్ ద్రవ్యరాశినే అని వెంటనే తెలుస్తుంది. సగం జవాబు చెక్కుచెదరకుండా చేతిలో ఉంటుంది.

ఇంకో లాభం. అనుభావిక ఫార్ములా కట్టాక ద్రవ్యరాశితో ఉండే పని చిన్నది: ఎన్ 1 అవుతుందా, 2 అవుతుందా, 3 అవుతుందా అని తేల్చడమే. దానికి 5 శాతం తేడా ఉన్న కొలత కూడా చాలు. ఆస్పిరిన్‌కు 180 బదులు 171 వచ్చినా ఎన్ 0.95, అంటే 1. నేరు పద్ధతిలో అదే 171తో కార్బన్ 8.54 అవుతుంది. 8 అనాలా, 9 అనాలా? ఎన్ పెద్దదైతే మాత్రం ఈ సౌకర్యం పోతుంది. ఒక కార్బన్‌కు రెండు హైడ్రోజన్లుండే డెసీన్‌లో ఎన్ 10. అక్కడ 5 శాతం తేడా రెండు పద్ధతులనూ ఒకేలా ముంచుతుంది.

అయితే ఒక మూలకం చాలా తక్కువగా ఉన్నచోట నేను నేరు పద్ధతికే ఓటు వేస్తాను. కొలెస్టరాల్‌లో 27 కార్బన్లు, 46 హైడ్రోజన్లకు ఒకే ఒక్క ఆక్సిజన్. దాని అసలు శాతం 4.14. కొలతలో కార్బన్ 83.57, హైడ్రోజన్ 11.89 వచ్చి, మిగిలింది ఆక్సిజన్ అనుకుంటే అది 4.54 అవుతుంది. ఈ చిన్న తేడాతోనే నిష్పత్తి 24.5 : 41.6 : 1 అయిపోతుంది, ఎందుకంటే అన్నిటినీ భాగిస్తున్నది తప్పు ఎక్కువగా ఉన్న ఆ చిన్న అంకెతోనే. కచ్చితమైన 386.65తో నేరుగా లెక్కిస్తే 26.9, 45.6, 1.1 వస్తాయి. 27, 46, 1 అని ధైర్యంగా రాయొచ్చు.

దహన విశ్లేషణలో (పదార్థాన్ని కాల్చి, వచ్చినవాటిని తూచే పద్ధతిలో) కార్బన్ డయాక్సైడ్, నీటి బరువులు ఇస్తే శాతాలదాకా వెళ్లనక్కర్లేదు, నేరుగా మోల్‌లకు మార్చేయండి. ఉప్పులాంటి అయానిక పదార్థాల్లో విడి అణువులు ఉండవు కాబట్టి అక్కడ అనుభావిక ఫార్ములాతోనే పని పూర్తవుతుంది. ఇక ఎక్కువ కచ్చితత్వం ఉన్న మాస్ స్పెక్ట్రోమీటర్ (సగటు కాకుండా ఒక్కో అణువు ద్రవ్యరాశిని కొలిచే యంత్రం) ఉందంటే సంగతే వేరు. గ్లూకోజ్, ఆస్పిరిన్ రెండింటి మోలార్ ద్రవ్యరాశీ 180.16 అయినా, ఆ యంత్రం ఒకదాన్ని 180.0634గా, ఇంకోదాన్ని 180.0423గా విడదీసి చూపగలదు.