అరటి ఎండు తెగులు: రేసు, వీసీజీ, డీఎన్‌ఏ.. ఏ పరీక్ష మేలు?

అరటి ముదురాకులు అంచుల నుంచి పసుపుబారి, కాడ విరిగి కాండం చుట్టూ వేలాడతాయి. కాండం కోస్తే లోపల ఎర్రగోధుమ చారలు కనిపిస్తాయి. ఇది ఎండు తెగులని, అంటే పనామా తెగులని, అనుమానించడానికి అంత చాలు. లోపలున్న ఫ్యుజేరియం అనే శిలీంధ్రం ఏ వంశానిదో మాత్రం కంటికి తెలియదు. ఆ నేలలో ఇక ఏ రకం నాటాలో తేలేది అక్కడే. దీని బీజాలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి కాబట్టి పొరపాటు పడితే దిద్దుకోవడం చాలా కష్టం.

పాత పద్ధతి రేసు పరీక్ష. ఏ అరటి రకాలను చంపుతుందో దాన్నిబట్టి శిలీంధ్రానికి ఇచ్చే వర్గమే రేసు. గ్రో మిషెల్, బ్లగ్గో, కావెండిష్ అనే అరటి రకాల మొక్కలకు శిలీంధ్రాన్ని ఎక్కించి ఏది వడలుతుందో చూస్తారు. గత శతాబ్దం నడుమ ఎగుమతి తోటల్లో గ్రో మిషెల్‌ను తుడిచిపెట్టింది రేసు 1. దాన్ని తట్టుకున్న కావెండిష్‌ను ఇప్పుడు ట్రాపికల్ రేస్ 4, అంటే టీఆర్4, చంపుతోంది. మొక్క చస్తుందా, బతుకుతుందా అన్నది నేరుగా చెప్పే పరీక్ష ఇదే. కానీ వారాలు, నెలలు పడుతుంది. పైగా వాతావరణం ఫలితాన్ని మార్చేస్తుంది: సబ్‌ట్రాపికల్ రేస్ 4 చలికి నలిగిన కావెండిష్‌నే పట్టుకుంటుంది.

వీసీజీ పద్ధతి నాకు చాలా ఇష్టం. వీసీజీ అంటే పోగులు ఒకదానితో ఒకటి కలిసిపోగల శిలీంధ్రాల గుంపు. నైట్రేట్‌ను వాడుకోలేని రెండు మ్యూటెంట్లను, అంటే జన్యువు మారిన శిలీంధ్రాలను, ఒకే ప్లేటు మీద పెంచుతారు. రెండింటిలో లోపం వేర్వేరు చోట్ల ఉంటుంది. ఒకే గుంపువైతే పోగులు కలిసిపోయి, ఒకదాని లోటు మరొకటి తీర్చుకుని, కలిసిన గీత వెంట దట్టంగా తెల్లగా పెరుగుతాయి. ఈ శిలీంధ్రంలో ఇరవైకి పైగా గుంపులు తేలాయి, టీఆర్4 గుంపు సంఖ్య 01213/16. అయితే రెండు గుంపులు వేరని తేలినా, వాటి మధ్య దూరం ఎంతో దీనితో తెలియదు.

ఆ దూరం చెప్పేది డీఎన్‌ఏ. అరటిని చంపే ఈ ఫ్యుజేరియం అంతా ఒకే కుటుంబం కాదని, వేర్వేరు వంశాలు విడివిడిగా ఈ గుణం సంపాదించాయని బయటపెట్టింది అదే. అంటే రేసు 1 అని ఒకే పేరు పెట్టిన వాటిలో దూరపు వంశాలవీ ఉంటాయి. టీఆర్4 మాత్రం దాదాపు ఒకే క్లోన్. ఆసియాలో మొదలై 2013లో మొజాంబిక్‌లో, 2019లో కొలంబియాలో బయటపడింది.

డీఎన్‌ఏలో ఎంచుకున్న ముక్కను పెంచి గుర్తించే పీసీఆర్ పరీక్ష రోజుల్లోనే ఫలితం ఇస్తుంది. అయినా ఒక్క మార్కర్‌ను, అంటే గుర్తుగా వాడే ఒక్క డీఎన్‌ఏ ముక్కను, నమ్మకూడదు. కొన్ని పాత మార్కర్లు టీఆర్4 కాని వాటినీ టీఆర్4 అని చూపించాయి. పైగా తెగులు గుణం ఒక వంశం నుంచి మరో దానికి దాటగలదు: టమాటా ఫ్యుజేరియంలోనైతే ఒక క్రోమోజోమ్ అందుకున్న హానిలేని శిలీంధ్రం తెగులు కలిగించేదిగా మారిందని 2010లో తేలింది.

క్వారంటైన్ పనికి నేను రెండు మూడు మార్కర్ల పీసీఆర్‌నే ఎంచుకుంటాను. వైవిధ్యం అర్థం కావాలంటే పూర్తి జీనోమ్ చదవాల్సిందే. అక్కడ వీసీజీ రెండో స్థానమే. కొత్త రకం తయారుచేసేవాళ్లకు మాత్రం మొక్కకు ఎక్కించి చూడటం తప్పదు. ఒక రకం తెగులును తట్టుకుందని ఎవరైనా చెబితే నేను ముందు అడిగేది ఇదే: ఏ వంశాల శిలీంధ్రంతో, ఎలాంటి వాతావరణంలో చూశారు?