12 అంగుళాల గ్లోబు: సైబీరియా కోసం కొన్నాను

పోయిన నెల నల్గొండ గడియారం సెంటర్ దగ్గర ఓ స్టేషనరీ షాపులో 12 అంగుళాల గ్లోబు కొన్నాను. 1,450 రూపాయలు పడింది. నేను దేవరకొండ వైపు సర్కారు హైస్కూల్లో సోషల్ చెప్తాను. క్లాసులో గోడకు పెద్ద ప్రపంచ పటం ఉంది. కానీ దాన్ని చూసి పిల్లలు రష్యాలోని సైబీరియా మన దేశానికి పదింతలు ఉంటుందనుకుంటున్నారు. గుండ్రటి భూమిని కాగితం మీద పరిస్తే ఉత్తరాన ఉన్న నేలంతా సాగిపోయి కనిపిస్తుంది మరి. యూరల్ పర్వతాల నుంచి పసిఫిక్ దాకా సైబీరియా సుమారు 131 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మనకు నాలుగింతలు.

దారం ఇచ్చి పిల్లలతోనే కొలిపించాను. కశ్మీర్ నుంచి కన్యాకుమారికి ఏడున్నర సెంటీమీటర్ల పైన వచ్చింది, మాస్కో నుంచి రష్యా తూర్పు తీరంలోని వ్లాదివోస్తోక్‌కు పదిహేను దాటింది. దారం సూటిగా పోతుంది, వాటి మధ్య రైలు మార్గం మలుపులు తిరిగి పోతుంది కాబట్టి అది ఇంకా పొడవు, 9,289 కిలోమీటర్లు, దాదాపు వారం ప్రయాణం.

అసలు పాఠం నదుల దగ్గర మొదలైంది. ఓబ్, యెనిసెయి, లేనా మూడూ ఉత్తరానికి పారి ఆర్కిటిక్‌లో కలుస్తాయి అన్నాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి లేచి "నీళ్లు పైకెట్ల పోతయ్ సార్?" అంది. స్టాండుతో సహా గ్లోబు ఎత్తి తలకిందులు చేసి పట్టుకున్నాను. లేనా చక్కగా కిందికి దిగుతూ కనిపించింది. పటంలో పైన ఉన్నంత మాత్రాన ఎత్తు కాదని, కొండలు దక్షిణాన ఉన్నాయని అప్పుడు అర్థమైంది వాళ్లకు. వసంతంలో ఎగువన మంచు ముందు కరిగి, నది చివర ఇంకా గడ్డకట్టే ఉండి, నీళ్లకు దారి లేక వరద వస్తుందని చెప్తే క్లాసు నిశ్శబ్దమైపోయింది. సాగర్ గేట్లు చూసిన పిల్లలు కదా, వెంటనే పట్టుకున్నారు. ఆ ఒక్క పీరియడ్‌కే నా డబ్బులు వసూలయ్యాయి.

లోపాలూ ఉన్నాయి. కాగితం ముక్కలు అతికించిన గీత సరిగ్గా 90 డిగ్రీల తూర్పు రేఖ మీద పడింది. యెనిసెయి అక్కడ తెగి, ఒక నూలుపోగంత పక్కకు జరిగి మళ్లీ మొదలవుతుంది. బైకాల్ సరస్సుకు నీలి గీత వేశారు, పేరు మాత్రం లేదు. 1,642 మీటర్ల లోతు, ప్రపంచంలో గడ్డకట్టని ఉపరితల మంచినీటిలో ఐదో వంతు ఉన్న సరస్సు అది! నేనే సన్న పెన్నుతో రాసుకున్నాను. తెచ్చిచ్చినా తీసుకుంటానన్నాడు షాపాయన, మంచి మనిషి. కానీ ఆ కంపెనీవి ఇంకో మూడు విప్పి చూపిస్తే అన్నింటికీ అతుకు అక్కడే ఉంది. మీరు తీసుకునేటప్పుడు ముందు సైబీరియా వైపు తిప్పి, యెనిసెయి మీద వేలు పెట్టి చూడండి.